పాత ఆదాయపు పన్ను రిటర్నుల కాపీలను పోర్టల్ నుంచి తీసుకుని ప్రింటు చేసుకునే పద్ధతి

ఇంటి అప్పు కోసం బ్యాంకుకు వెళ్లినా, పిల్లల పై చదువుల కోసం వీసాకు దరఖాస్తు పెట్టినా, కాంట్రాక్టు పనికి టెండరు వేసినా, అడిగే కాగితాల జాబితాలో "గత మూడేళ్ల ఐటీ రిటర్నులు" అనే వరుస దాదాపుగా ఉంటుంది. రిటర్ను వేసిన రోజున ఆడిటరు గారి ఆఫీసులో ఇచ్చిన కాగితం ఏ ఫైలులో పెట్టామో గుర్తుండదు. ఆ ఆడిటరు గారు ఇప్పుడు ఊళ్లో లేకపోవచ్చు, ఉన్నా జూలై నెల రద్దీలో ఫోను ఎత్తే తీరిక ఆయనకు దొరక్కపోవచ్చు. అయితే ఎలక్ట్రానిక్ పద్ధతిలో దాఖలైన రిటర్ను ఏదైనా సరే, అది ఎవరి చేతుల మీదుగా దాఖలైనా, ఆదాయపు పన్ను శాఖ వారి ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీ పాన్ నంబరు కిందనే నిలిచి ఉంటుంది. దానిని దింపుకోవడానికి రుసుము లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

అయినా ఈ పని మీద జనం రెండు మూడు సార్లు తిరగవలసి వస్తోంది. అందుకు నాకు కనిపించిన ముఖ్యమైన కారణం పోర్టల్ కష్టంగా ఉండడం కాదు, "ఐటీ కాపీ" అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు పత్రాలు ఉండడం. అడిగేవారు ఒకటి మనసులో పెట్టుకుని అడుగుతారు, ఇచ్చేవారు మరొకటి పట్టుకెళ్తారు. అందువల్ల పోర్టల్ తెరవడానికి ముందే ఆ నాలుగూ ఏమిటో తెలుసుకోవడం మంచిది.

మొదటిది రసీదు, అంటే అక్నాలెడ్జ్‌మెంట్. ఇది ఒకే పేజీ. పేరు, పాన్, చిరునామా, ఏ ఫారం వేశారు, ఏ సెక్షన్ కింద వేశారు, మొత్తం ఆదాయం ఎంత, కట్టిన పన్ను ఎంత, పదిహేను అంకెల రసీదు సంఖ్య, దాఖలు చేసిన తేదీ, అడుగున బార్‌కోడ్, ఇవన్నీ ఆ ఒక్క పేజీలోనే ఉంటాయి. రెండవది అసలు రిటర్ను, అంటే మీరు నింపిన ఐటీఆర్ ఫారం మొత్తం. జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 కొద్ది పేజీలతో సరిపోతుంది కానీ, వ్యాపారులూ వృత్తినిపుణులూ వేసే ఐటీఆర్-3 పదుల పేజీలకు పోతుంది. మూడవది ఇంటిమేషన్. మీ రిటర్నును బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం పరిశీలించిన తరువాత, 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 143(1) సెక్షన్ కింద పంపే తాఖీదు ఇది. ఇందులో మీరు చూపిన అంకె ఒక నిలువు వరుసలోనూ, శాఖ లెక్కగట్టిన అంకె పక్క వరుసలోనూ ఉంటాయి. నాలుగవది కంప్యుటేషన్, అంటే ఆదాయం ఎలా లెక్కగట్టారో చూపే పట్టిక. ఇది శాఖ ఇచ్చే పత్రం కాదు, పోర్టల్‌లో ఎక్కడ వెతికినా దొరకదు. ఆడిటరు గారు తన సాఫ్ట్‌వేర్‌లో తయారు చేసి, సంతకం పెట్టి ఇచ్చేది. బ్యాంకు వారు "రిటర్నూ కంప్యుటేషనూ తెండి" అన్నారంటే కంప్యుటేషన్ కోసం మాత్రం ఆడిటరు గారి దగ్గరకు వెళ్లక తప్పదు. కొన్ని చోట్ల పూర్తి ఐటీఆర్ ఫారం ఇస్తే సరిపోతుంది, ఎందుకంటే లెక్క మొత్తం అందులోని షెడ్యూళ్లలో ఉంటుంది. ఈ విషయం ముందుగానే అడిగి తెలుసుకుంటే ఒక ప్రయాణం తగ్గుతుంది.

ఏ సంవత్సరం కావాలో తేల్చుకోవడం

రెండవ చిక్కు సంవత్సరాల దగ్గర వస్తుంది. పోర్టల్‌లో రిటర్నులన్నీ మదింపు సంవత్సరం, అంటే అసెస్‌మెంట్ ఇయర్ పేరు మీద వరుసగా ఉంటాయి. ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి మరుసటి సంవత్సరమే మదింపు సంవత్సరం. 2022 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయానికి ఆర్థిక సంవత్సరం 2022-23, మదింపు సంవత్సరం 2023-24. బ్యాంకు వారు "2022-23 రిటర్ను" అన్నప్పుడు వారు ఆర్థిక సంవత్సరం చెబుతున్నారా, మదింపు సంవత్సరం చెబుతున్నారా అన్నది అడిగి తీరాలి. అడగకుండా తెచ్చిన రిటర్ను ఒక ఏడాది ముందుదో వెనకదో కావడం చాలా మామూలు. సందేహం ఉంటే "ఏ మార్చితో ముగిసిన సంవత్సరం?" అని అడగండి, ఈ ప్రశ్నకు రెండర్థాలు రావు.

ఇక మీదట ఈ జాగ్రత్త మరింత అవసరం. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చేలా రూపొందింది. అందులో పాత చట్టంలోని ప్రీవియస్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం), మదింపు సంవత్సరం అనే రెండు మాటల స్థానంలో "పన్ను సంవత్సరం" అనే ఒకే మాట ఉంది. దీనివల్ల 2026-27 అనే అంకె రెండు చోట్ల కనిపిస్తుంది: మదింపు సంవత్సరం 2026-27 అంటే 2026 మార్చితో ముగిసిన ఏడాది ఆదాయం, పన్ను సంవత్సరం 2026-27 అంటే 2027 మార్చితో ముగిసే ఏడాది ఆదాయం. పాత రిటర్నులు మాత్రం ఎప్పటికీ మదింపు సంవత్సరం పేరుతోనే ఉంటాయి.

లోపలికి వెళ్లడం

ఇప్పుడు వాడుకలో ఉన్న పోర్టల్ 2021 జూన్ 7న మొదలైంది. దాని చిరునామా ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్. వెతుకులాట పేజీలో కనిపించిన మొదటి లంకెను నొక్కకుండా, చిరునామాను స్వయంగా టైపు చేయడం అలవాటు చేసుకోవాలి. "మీ రిఫండు సిద్ధంగా ఉంది" అంటూ ఫోనుకు వచ్చే సందేశాలలోని లంకెల ద్వారా ఎన్నడూ లాగిన్ కాకూడదు. చివర జీఓవీ డాట్ ఇన్ అని లేని ఏ పేజీలోనూ మీ పాస్‌వర్డు ఇవ్వవలసిన పని లేదు.

లాగిన్ పేజీలో యూజర్ ఐడీ అంటే మీ పాన్ నంబరే. పాన్‌తో అనుసంధానమై ఉంటే ఆధార్ నంబరునూ వాడవచ్చు. పాస్‌వర్డు గుర్తుంటే పని రెండు నిమిషాలది. గుర్తు లేకపోవడమే, లేదా అసలు ఎప్పుడూ తెలియకపోవడమే ఎక్కువ మంది పరిస్థితి. మన వైపు చాలా మంది ఖాతాలు ఆడిటరు గారి ఆఫీసులో తెరిచినవి. ఫోను నంబరు వారిది, ఈమెయిలు వారిది, పాస్‌వర్డు కూడా వారు పెట్టినదే. ఇందులో దురుద్దేశమేమీ లేదు. వందల మంది ఖాతాలు చూసుకునేవారికి అలా అనువుగా ఉంటుంది. కానీ శాఖ నుంచి వచ్చే నోటీసులు, ఇంటిమేషన్లు అన్నీ ఆ నంబరుకే, ఆ ఈమెయిలుకే వెళ్తాయి. జవాబు ఇవ్వవలసిన నోటీసు మనకు తెలియకుండానే గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి పాత రిటర్ను కోసం లోపలికి వెళ్లిన ఈ సందర్భంలోనే ఖాతాను మీ అధీనంలోకి తెచ్చుకోమని గట్టిగా చెబుతాను.

అందుకు సులువైన దారి ఆధార్ ఓటీపీ. లాగిన్ పేజీలో "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" నొక్కి, పాన్ ఇచ్చిన తరువాత వచ్చే ఎంపికలలో ఆధార్‌తో నమోదైన మొబైలుకు ఓటీపీ పంపే ఎంపికను తీసుకోవాలి. పాన్, ఆధార్ అనుసంధానమై ఉండి, ఆధార్‌లోని ఫోను నంబరు మీ దగ్గర పని చేస్తూ ఉంటే, పోర్టల్‌లో ఎవరి నంబరు ఉన్నా మీకు అడ్డు రాదు. ఆధార్‌లో నంబరు మారిపోయి ఉంటే ముందుగా ఆధార్ కేంద్రంలో దానిని సరిచేయించుకోవాలి. ఈలోగా పని ఆగకూడదనుకుంటే, మీ బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లి అక్కడి నుంచి ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోకి ప్రవేశించే సౌకర్యం పలు బ్యాంకులలో ఉంది. ఆ ఖాతాకు మీ పాన్ జోడించి ఉండాలి. డిజిటల్ సంతకం ఉన్నవారు దానితోనూ పాస్‌వర్డు మార్చుకోవచ్చు.

లోపలికి వెళ్లగానే "మై ప్రొఫైల్"లో సంప్రదింపు వివరాలు తెరిచి, మీ ఫోను నంబరు, మీ ఈమెయిలు పెట్టండి. ఆడిటరు గారి నంబరును రెండవ నంబరుగా ఉంచవచ్చు; ఆయనకు విషయం ముందే చెప్పడం మర్యాద, అంతేకాక రాబోయే రిటర్ను సమయంలో ఆయన పని ఆగిపోకుండా ఉంటుంది.

దింపుకోవడం

పై వరుసలోని మెనూలో "ఈ-ఫైల్" నొక్కి, అందులో "ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్" మీదికి వెళ్తే, "వ్యూ ఫైల్డ్ రిటర్న్స్" అని కనిపిస్తుంది. దానిని తెరిస్తే ఇటీవలి సంవత్సరం పైన, పాతవి కింద ఉండేలా మీ రిటర్నులన్నీ వరుసగా వస్తాయి. జాబితా పొడవుగా ఉంటే మదింపు సంవత్సరాన్ని బట్టి వడపోసే సౌకర్యం ఉంది.

ఒక్కో సంవత్సరం ఎదురుగా ఉండే బొత్తాలలో "డౌన్‌లోడ్ ఫామ్" నొక్కితే పూర్తి రిటర్ను, "డౌన్‌లోడ్ రిసీట్" నొక్కితే ఒక పేజీ రసీదు, "డౌన్‌లోడ్ ఇంటిమేషన్ ఆర్డర్" నొక్కితే 143(1) తాఖీదు వస్తాయి. "డౌన్‌లోడ్ జేసన్" అనే నాలుగవ బొత్తం కూడా ఉంటుంది. ఆ ఫైలు మనుషులు చదవడానికి పనికొచ్చేది కాదు, రిటర్నులోని అంకెలను సాఫ్ట్‌వేర్ చదువుకునే రూపం. బ్యాంకుకు అది అక్కరలేదు గానీ, ఆడిటరును మార్చినప్పుడు కొత్త ఆడిటరు గారికి ఆ ఫైలు ఇస్తే పాత వివరాలను మళ్లీ టైపు చేసే శ్రమ ఆయనకు తప్పుతుంది.

బొత్తం నొక్కినా ఏమీ జరగనట్టు కనిపిస్తే, బ్రౌజరు కొత్త కిటికీలను అడ్డుకుంటోందేమో చూడాలి. చిరునామా పట్టీ చివర చిన్న హెచ్చరిక గుర్తు ఉంటే దానిని నొక్కి ఈ పోర్టల్‌కు అనుమతి ఇవ్వాలి. రిటర్నుల గడువు దగ్గర పడిన రోజుల్లో పోర్టల్ నెమ్మదిస్తుంది. తెల్లవారుజామున గానీ, రాత్రి పొద్దుపోయాక గానీ ప్రయత్నిస్తే త్వరగా తెరుచుకుంటుంది. అలాగే కాసేపు తాకకుండా వదిలేస్తే పోర్టల్ తనంతట తానే లాగౌట్ చేస్తుంది, కనుక కావలసినవన్నీ ఒకే విడతలో దింపుకోవాలి.

దిగిన ఫైళ్ల పేర్లు పొడవైన అంకెల వరుసలుగా ఉంటాయి. మూడేళ్లవీ మూడేసి పత్రాలు దింపితే తొమ్మిది ఫైళ్లు అవుతాయి. ఏది ఏదో వెంటనే తెలియదు. ఒక్కోటి దిగిన వెంటనే "2023-24 రసీదు", "2023-24 ఫారం", "2023-24 ఇంటిమేషన్" అని పేరు మార్చి పెట్టుకోవడం ఒక నిమిషం పని. ఆ నిమిషం పెట్టని కారణంగా ఒకే సంవత్సరం రసీదును మూడు సార్లు ప్రింటు తీసి, మూడేళ్లవనుకుని ఇచ్చి వచ్చినవారిని చూశాను.

ఒకే సంవత్సరానికి రెండు రిటర్నులు ఉంటే

మొదట వేసిన రిటర్నులో పొరపాటు కనిపించి సవరించిన రిటర్ను వేసి ఉంటే, ఆ సంవత్సరం ఎదురుగా రెండూ కనిపిస్తాయి. ఏది ఏదో రసీదు మీద ముద్రించిన సెక్షన్ చెబుతుంది: గడువులోగా వేసినది 139(1), గడువు దాటాక వేసినది 139(4), సవరించినది 139(5). 2022 ఆర్థిక చట్టం తెచ్చిన నవీకరించిన రిటర్ను అయితే 139(8ఎ). సవరించిన రిటర్ను సక్రమంగా దాఖలై, ధ్రువీకరణ కూడా పూర్తయితే, అది మొదటిదాని స్థానంలోకి వస్తుంది. కాబట్టి బ్యాంకుకు ఇవ్వవలసింది చివరిదే. మొదటి దానిలో ఆదాయం ఎక్కువగా ఉందని దానిని ఇవ్వడం సరి కాదు. బ్యాంకు అధికారి దానిని ఇంటిమేషన్‌తో పోల్చి చూసిన క్షణంలో తేడా బయటపడుతుంది, అప్పు మాట అటుంచి మీ మాట మీదే నమ్మకం పోతుంది.

అంతకన్నా ముఖ్యంగా చూడవలసింది ధ్రువీకరణ. రిటర్ను పంపినంత మాత్రాన దాఖలు పూర్తి కాదు. ఆధార్ ఓటీపీ వంటి పద్ధతిలో ఈ-వెరిఫై చేయాలి, లేదా ఐటీఆర్-వి అనే పేజీ మీద సంతకం పెట్టి బెంగళూరులోని కేంద్రానికి పోస్టులో పంపాలి. 2022 ఆగస్టు 1 నుంచి ఇందుకు గడువు 30 రోజులు. అంతకు ముందు 120 రోజులు ఉండేది. గడువులోగా ధ్రువీకరించని రిటర్నును చట్టం దాఖలైనట్టుగా గుర్తించదు. మీరు దింపుకున్న పేజీ పైన ఐటీఆర్-వి అని, వెరిఫికేషన్ ఫారం అని ఉంటే, ఆ కాపీ తీసే సమయానికి ధ్రువీకరణ జరగలేదని అర్థం. రిటర్ను రసీదు అని స్పష్టంగా ఉండి, దీనిని బెంగళూరుకు పంపవద్దు అన్న వాక్యం అడుగున ఉంటే అది పూర్తయిన రిటర్ను. పాత ఫైలులో దొరికిన ఐటీఆర్-వి కాగితాన్ని జిరాక్స్ తీసి ఇవ్వకుండా, పోర్టల్ నుంచి మళ్లీ దింపుకోమనడానికి కారణం ఇదే. ఏదైనా సంవత్సరం ధ్రువీకరణ నిజంగానే మిగిలిపోయి ఉంటే, పోర్టల్‌లోని "సర్వీసెస్" మెనూలో ఆలస్యాన్ని మన్నించమని కోరే దరఖాస్తు ఉంటుంది. తగిన కారణం చూపి అక్కడ అడగవచ్చు, కానీ మన్నింపు వచ్చేదాకా ఆ రిటర్నును ఆదాయ రుజువుగా వాడకండి.

పీడీఎఫ్ పాస్‌వర్డు అడిగితే

ఈమెయిలులో వచ్చిన రసీదులు, ఇంటిమేషన్లు సాధారణంగా పాస్‌వర్డుతో మూసి ఉంటాయి. ఆ పాస్‌వర్డు ఇలా కూర్చాలి: పాన్ నంబరులోని ఇంగ్లీషు అక్షరాలన్నీ చిన్న అక్షరాలుగా రాయాలి, వెంటనే ఖాళీ వదలకుండా పుట్టిన తేదీని రోజు, నెల, సంవత్సరం క్రమంలో ఎనిమిది అంకెలుగా చేర్చాలి. పుట్టిన తేదీ 1980 ఆగస్టు 5 అయితే పాన్ తరువాత వచ్చేది 05081980. పెద్ద అక్షరాలు వాడినా, తేదీ మధ్యలో గీతలు పెట్టినా తెరుచుకోదు. భాగస్వామ్య సంస్థలకూ కంపెనీలకూ పుట్టిన తేదీ బదులు సంస్థ ఏర్పడిన తేదీ వేయాలి.

ఇంత సరిగ్గా వేసినా తెరుచుకోకపోతే పాన్ కార్డు మీద ఉన్న తేదీ చూడండి. బడిలో చేర్పించిన రోజున అయ్యవారు రాయించిన తేదీ ఒకటి, ఇంట్లో చెప్పుకునే అసలు తేదీ మరొకటి ఉన్నవారు మనలో తక్కువ కాదు. పాస్‌వర్డుకు పనికొచ్చేది పాన్ రికార్డులో ఉన్న తేదీ మాత్రమే.

ప్రింటు తీయడం

పోర్టల్ పేజీని నేరుగా ప్రింటు తీయకూడదు. పేజీ మీద కనిపించే వివరాలు రుజువుగా చెల్లవు, పైగా మెనూలు, బొత్తాలు అన్నీ కాగితం మీదికి వస్తాయి. దింపుకున్న పీడీఎఫ్‌నే తెరిచి ప్రింటు తీయాలి. ఏ4 కాగితం ఎంచుకుని, పేజీ కాగితంలో పూర్తిగా ఇమిడేలా "ఫిట్" అమరిక పెట్టి, ముందస్తు చూపులో కుడి అంచున అంకెలు తెగిపోవడం లేదని నిర్ధారించుకోవాలి. రసీదును ఒకవైపే, మంచి నలుపుతో తీయాలి. రంగు అవసరం లేదు గానీ బార్‌కోడు మసకబారకూడదు. పూర్తి ఫారాన్ని రెండు వైపులా తీస్తే కాగితం సగం మిగులుతుంది, కానీ వీసా దరఖాస్తులకు ఒకవైపు ప్రింటే అడిగే చోట్లు ఉన్నాయి కనుక వారి సూచనలు ముందు చదవాలి.

ఇంట్లో ప్రింటరు లేనివారు జిరాక్స్ షాపుకో ఇంటర్నెట్ సెంటరుకో వెళ్తారు. అక్కడి కంప్యూటరులో పోర్టల్‌లోకి లాగిన్ కావద్దు. ఇంట్లోనో, మీ ఫోనులోనో ఫైళ్లు దింపుకుని పెన్ డ్రైవులో తీసుకెళ్లండి. షాపు నంబరుకు వాట్సాప్‌లో పంపక తప్పకపోతే, ప్రింటు చేతికి రాగానే మీ ఎదుటే ఆ ఫైలును ఆ కంప్యూటరు నుంచీ ఆ ఫోను నుంచీ తీసివేయించండి. పూర్తి ఐటీఆర్ ఫారంలో మీ పాన్, ఆధార్, పుట్టిన తేదీ, చిరునామా, బ్యాంకు ఖాతాల నంబర్లు అన్నీ ఒకే చోట ఉంటాయి. ఒక మనిషి పేరుతో మోసం చేయడానికి కావలసినదంతా అందులో ఉంది. అందుకే రసీదు సరిపోయే చోట పూర్తి ఫారం ఇవ్వవద్దని నా సలహా. ఇచ్చే ప్రతి కాపీ మీద సంతకం, తేదీతో పాటు "ఫలానా బ్యాంకులో గృహ ఋణం నిమిత్తం మాత్రమే" అని అడ్డంగా రాయడం మంచి అలవాటు.

ఒక సంవత్సరానికి కట్ట కట్టేటప్పుడు పైన రసీదు, దాని కింద ఫారం, ఆ తరువాత కంప్యుటేషన్, చివర ఇంటిమేషన్ ఉంచితే చూసేవారికి తేలిక. ఇంటిమేషన్ అడగకపోయినా జతచేయడం నయం, ఎందుకంటే మీ లెక్కను శాఖ అంగీకరించిందా లేదా అన్నది అందులోనే ఉంటుంది.

రిటర్నుతో పాటు అడిగేవి

జీతగాళ్లను ఫారం 16, అంటే జీతంలో కోసిన పన్నుకు యజమాని ఇచ్చే ధ్రువపత్రం కూడా అడుగుతారు. ఇది ఉద్యోగి ఖాతాలో దొరకదు. యజమాని శాఖ వెబ్‌సైటు నుంచి తీసి ఇవ్వవలసినది. పాత కంపెనీ నుంచి అది రాకపోతే కనీసం ఫారం 26ఏఎస్, అంటే మీ పాన్ కింద జమైన పన్నుల పట్టిక తీసుకోవచ్చు. "ఈ-ఫైల్" మెనూలోనే "వ్యూ ఫామ్ 26ఏఎస్" నొక్కితే అది ట్రేసెస్ అనే వేరే సైటుకు తీసుకెళ్తుంది. అక్కడ మదింపు సంవత్సరం ఎంచుకుని పీడీఎఫ్‌గా దింపుకోవాలి. 2009-10 మదింపు సంవత్సరం నుంచి ఇది లభిస్తుంది. పాస్‌వర్డు అడిగితే ఇక్కడ పుట్టిన తేదీ ఎనిమిది అంకెలే, పాన్ చేర్చనక్కర లేదు. 2021 నవంబరులో వచ్చిన వార్షిక సమాచార నివేదిక, అంటే ఏఐఎస్, ఆర్థిక సంవత్సరం 2020-21 నుంచి ఉంటుంది. దాని పాస్‌వర్డు మాత్రం పాన్, పుట్టిన తేదీ కలిపినదే.

ఎన్నేళ్లవి దాచాలి అన్న ప్రశ్నకు, బ్యాంకు అడిగే మూడేళ్లు కొలమానం కాదు. వ్యాపార నష్టాన్నీ మూలధన నష్టాన్నీ ఎనిమిది మదింపు సంవత్సరాల వరకు ముందుకు తీసుకెళ్లవచ్చు, కానీ ఆ నష్టం చూపిన రిటర్ను గడువులోగా వేసి ఉండాలి. ఎనిమిదవ ఏట ఆ నష్టాన్ని సర్దుబాటు చేసినప్పుడు, మొదటి ఏటి రసీదు మీది తేదీయే మీకు ఆధారం. షేర్లు, స్థలాలు అమ్మి నష్టం చూపినవారు ఆ ఏటి పూర్తి ఫారం తప్పక దాచుకోవాలి. రుజువు పోర్టల్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండడం కన్నా, ఏటా జూలైలో రిటర్ను వేసిన వారమే ఆ ఏటి కట్టను మీ కంప్యూటరులోనూ, వేరే పెన్ డ్రైవులోనూ పెట్టుకోవడం మేలు.

కాగితం మీద వేసిన రిటర్నులు

వెనకటి రోజుల్లో సరళ్ ఫారం నింపి, ఆదాయపు పన్ను ఆఫీసు కౌంటరులో ముద్ర వేయించుకున్న రిటర్నులు పోర్టల్‌లో కనిపించవు. ఎనభై ఏళ్లు దాటిన పెద్దలకు ఐటీఆర్-1, ఐటీఆర్-4లను కాగితం మీద వేసే వెసులుబాటు తరువాత కూడా కొనసాగింది. ఇలాంటివాటికి ముద్ర వేసిన ఆఫీసు కాపీయే రుజువు. అది పోతే మీ పాన్ ఏ వార్డు పరిధిలో ఉందో పోర్టల్ ముఖపత్రంలోని "నో యువర్ ఏఓ" ద్వారా తెలుసుకుని, ఆ అసెసింగ్ అధికారి పేరున ధ్రువీకరించిన నకలు కోరుతూ అర్జీ పెట్టాలి. అర్జీలో పాన్, మదింపు సంవత్సరం, దాఖలు చేసిన సుమారు తేదీ, అప్పటి చిరునామా, తెలిస్తే రసీదు సంఖ్య రాయాలి. ఆయకర్ సేవా కేంద్రం ఉన్న ఆఫీసులలో అర్జీని అక్కడే ఇచ్చి నమోదు సంఖ్య తీసుకోండి. తరువాత విచారించడానికి అది ఉపయోగపడుతుంది.

మరణించిన వారి రిటర్నులు

తండ్రో భర్తో పోయిన తరువాత వారి పాత రిటర్నులు కావలసి వస్తే, వారి పాస్‌వర్డు తెలిసినా దానితో లోపలికి వెళ్లడం పద్ధతి కాదు. వారసులు తమ సొంత పాన్‌తో లాగిన్ అయి, "ఆథరైజ్డ్ పార్ట్‌నర్స్" మెనూలో ప్రతినిధిగా నమోదయ్యే దరఖాస్తు తెరిచి, మరణించిన వ్యక్తికి చట్టబద్ధ వారసులమనే వర్గాన్ని ఎంచుకోవాలి. మరణించినవారి పాన్ కార్డు, మరణ ధ్రువపత్రం, వారసత్వ రుజువు జతచేయాలి. పోర్టల్ అడిగితే నష్టపరిహార హామీ పత్రం కూడా ఇవ్వాలి. వారసత్వ రుజువుగా కోర్టు ఇచ్చిన పత్రమే ఉండాలని లేదు. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, రిజిస్టరు అయిన వీలునామా, ప్రభుత్వం ఇచ్చిన కుటుంబ పింఛను పత్రం, నామినీ లేదా ఉమ్మడి ఖాతాదారు వివరాలతో బ్యాంకు ముద్ర వేసి ఇచ్చిన లేఖ కూడా చెల్లుతాయి. దుఃఖంలో ఉన్న ఇంటివారిని కోర్టు చుట్టూ తిరగాలేమోనన్న భయం వేధిస్తుంది కనుక ఈ మాటను ప్రత్యేకంగా రాస్తున్నాను.

శాఖ ఆమోదం వచ్చాక మీ ఖాతాలోనే వారి ఖాతాకు మారే ఎంపిక కనిపిస్తుంది. అక్కడి నుంచి "వ్యూ ఫైల్డ్ రిటర్న్స్" తెరిచి పైన చెప్పిన విధంగానే అన్నీ దింపుకోవచ్చు. అదే సమయంలో వారికి రావలసిన రిఫండు ఏదైనా ఆగి ఉందేమో, చివరి సంవత్సరం రిటర్ను వారసులు వేయవలసి ఉందేమో కూడా చూసుకోవాలి. ఏ దశలోనైనా పోర్టల్ ముందుకు కదలకపోతే ఈ-ఫైలింగ్ సహాయ కేంద్రం ఉచిత నంబర్లు 1800 103 0025, 1800 419 0025. ఫోను చేసేటప్పుడు పాన్, పుట్టిన తేదీ, తెర మీద వచ్చిన సందేశం దగ్గర పెట్టుకోండి. పాస్‌వర్డు, ఓటీపీ మాత్రం ఎవరు అడిగినా చెప్పవద్దు.